దాచుకున్న ఊఁ

తొంభై ఏడు వేసవిలో నేను మా అమ్మమ్మతో యుద్ధం చేశాను. తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. ఆవిడ కథ చెబుతుంటే నేను ఊఁ కొట్టలేదు, అంతే. ఇదీ ఒక యుద్ధమేనా అనుకునేవాళ్ళు జన్మలో ఎవరికీ కథ చెప్పి ఉండరు. ఊఁ కొట్టని మనిషి ముందు కథ చెప్పడం కంటే చేలో దిష్టిబొమ్మకి విస్తరి వేసి వడ్డించడం నయం.

అమ్మమ్మ పేరు వీరాయమ్మ. రాజోలు దాటాక గోదారి పాయ పక్కనే ఉంటుంది మా లంక. అక్కడ కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టే ఆడవాళ్ళందరిలోకీ కథ చెప్పడంలో మా అమ్మమ్మదే పెద్దపీట. ఆకు ఒడిలో వేసుకుని చాకుతో సర్రున చీరి ఈనె పక్కన పడేసేది. ఒక ఈనెకి ఒక మాట. మాట అయ్యాక చుట్టూ కూర్చున్నవాళ్ళు ఊఁ అనాలి. ఊఁ వినపడితేనే చాకు మళ్ళీ కదిలేది. ఊఁ ఆలస్యమైతే చాకు గాల్లోనే ఆగిపోయి, ఆవిడ కళ్ళజోడు మీదుగా మనల్ని చూసేది. ఆ చూపుకి పెద్దవాళ్ళు కూడా గతుక్కుమని ఊఁ అనేసేవారు.

మా అమ్మ పేరు చిన్నమ్మలు. ఆవిడ కూడా ఆ చాకు చప్పుడులోనే కథలు నేర్చింది. నాన్న నేను పాకే వయసులోనే పోయాడు. ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్ళం, కొబ్బరాకు మమ్మల్ని పోషించేది. అంతకు ముందు ఏడు దీపావళి రావడానికి ముందు తుఫాను వచ్చి తోటలకి తోటలు పడగొట్టేసింది. పడిన చెట్ల ఆకు కొన్నాళ్ళు వచ్చింది. ఆ తర్వాత నిలబడిన నాలుగు చెట్ల ఆకు అమ్మమ్మ ఒక్కదాని చేతికే చాలేది కాదు. మా వీధిలో సలోమి పిన్ని అప్పటికే కువైట్‌లో అరబ్బుల ఇళ్ళల్లో పని చేస్తోంది. ఆవిడే అమ్మకి వీసా పంపింది.

అమ్మ వెళ్ళేముందు నాకు చెబుతూ వచ్చిన కథ ఒకటుంది. తుఫానుకి రాలిపోయిన కాయలు బురదలో ఎక్కడివక్కడే మొలకలెత్తాయి. ఆ చలికాలమంతా మా లంక పిల్లలం కొబ్బరిపువ్వు తిని బతికామంటే అబద్ధం కాదు. మొలకెత్తిన కాయని కొడితే లోపల బంతిలా తెల్లగా, తియ్యగా ఉంటుందే, అదే. ఒకరోజు అమ్మ కాయ కొట్టి, నేను చెయ్యి చాపగానే చటుక్కున వెనక్కి లాక్కుంది.

“ఆగవే! లోపల పిల్ల పడుకునుంది.”

“ఏ పిల్ల?”

“పువ్వాయి. బొటనవేలంత ఉంది. లేపకు.”

ఆ కథ అలా పుట్టింది. రోజుకి కొంచెం చెప్పేది. పువ్వాయి కొబ్బరిచిప్పలో ఎక్కి పంటకాలవలో పడింది. బాతులు తరిమాయి. లాకుల దగ్గర ఇరుక్కుంది. గుర్రపుడెక్కలో దారి తప్పింది. నేను ఊఁ అంటూనే ఉన్నాను. చివరికి ఒక మధ్యాహ్నం అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ళ గట్టుకి చేరింది. ఇటు గోదారి, అటు సముద్రం. రెండు నీళ్ళూ కలిసేచోట చిప్ప గిర్రున తిరుగుతోంది. “ఊఁ!” అన్నాను ఊపిరి బిగబట్టి. “మిగతాది రేపు,” అంది అమ్మ.

ఆ రేపు అమ్మ ప్రయాణం. బస్సు కిటికీ పట్టుకుని నేనడిగింది అమ్మ ఎప్పుడొస్తుందని కాదు.

“పువ్వాయి ఏమైందే?”

అమ్మ కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకునే నవ్వింది. “వచ్చి చెబుతాను కదా. అందాకా నీ ఊఁ దాచి ఉంచు. ఇంకెవరికీ ఇచ్చేయకేం.”

ఏదో ఒక మాట అనాలి కాబట్టి అంది. నేను నిజంగానే దాచేశాను.

వేసవి సెలవులిచ్చేశారు. మధ్యాహ్నాలు పొడుగయ్యాయి. వసారాలో అమ్మమ్మ ఈనెలు తీస్తూ కథ మొదలుపెట్టేది. నేను నోరు కుట్టేసుకుని కూర్చునేదాన్ని.

“ఏమే, చెవుల్లో పుల్లలు గానీ దూరేయా?”

“వింటున్నాను.”

“వింటే ఊఁ అనవేం?”

కాసేపు ఆలోచించి, “ఆయ్,” అన్నాను.

అమ్మమ్మ చాకు కిందపెట్టేసింది. “నేనేమన్నా మునసబు గారినా, ఆయ్ అంటున్నావు? కథకి ఆయ్ పనికిరాదే. ఆయ్ అంటే సరేనండి, ఇంక చాలండి అని. ఊఁ అంటే తర్వాతేంటి అని. తేడా తెలీదా నీకు?”

తెలుసు. తెలిసే అన్నాను. అమ్మమ్మకి ఆ సంగతి అర్థమై మరింత ఉడుక్కుంది. “పేరు చూస్తే ఉమామహేశ్వరి. పేరు మొదట్లోనే ఉ ఉంది, నోట్లోంచి మటుకు ఊడిపడదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! ఎవరి పోలికో!” అని, ఆ పోలిక తనదేనని ఊరంతటికీ తెలుసు కాబట్టి తనే నవ్వేసింది.

కానీ కథ మటుకు ఆపేసింది. నిజంగా ఆగిపోయింది. రాక్షసుడు తలుపు తట్టినవాడు తట్టినట్టే ఉన్నాడు, రాజుగారి మూడో భార్య మేడ మెట్ల మీదే ఉండిపోయింది. ఆ వేసవిలో మా వసారా నిండా సగంలో ఆగిపోయిన మనుషులే. అమ్మమ్మ ఈనె తీసేది, నోరు తెరిచేది, నా మొహం చూసి మూసేసేది.

ఆవిడ మీద జాలేయలేదని కాదు. వేసింది. కానీ అమ్మ మీద బెంగ ముందు ఆ జాలి ఏ మూలకి? అమ్మ చీర ఒకటి దండెం మీద అలాగే ఉంది. దాని వాసన ఎండకి రోజురోజుకీ పోతోంది. పోకుండా నా దగ్గర మిగిలింది ఆ ఊఁ ఒక్కటే అని నాకు గట్టి నమ్మకం.

ఒకరోజు నేనే మెట్టు దిగాను. “పువ్వాయి ఏమైందో నువ్వు చెప్పు. అప్పుడు ఊఁ అంటాను.”

అమ్మమ్మకి ప్రాణం లేచొచ్చింది. “ఏవుంది, రాజుగారబ్బాయి గుర్రమెక్కి ఆ గట్టు మీదికి వచ్చేడు...”

“కాదు.”

“పోనీ, పెద్ద పండుగప్ప చేప వచ్చి చిప్పతో సహా మింగేసింది. దాన్ని జాలరోళ్ళు పట్టి...”

“కాదు. అమ్మ చెప్పేది అలా ఉండదు.”

అమ్మమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “నిజమేనే. అది నా కథ కాదు. నాకు మా అమ్మ చెప్పిందీ కాదు. మీ అమ్మ సొంతంగా అల్లింది. దాని చివర నాకేం తెలుసు? ఆ మాటకొస్తే దానికే తెలీదు.”

“తెలీకుండా ఎలా చెబుతుంది?”

“నీ ఊఁ ని బట్టే చెబుతుంది. నువ్వు బెదిరిపోయి ఊఁ అన్నావనుకో, ఒడ్డు చూపిస్తుంది. నిద్రమొహం ఊఁ అయితే చిప్పని నీడకి చేరుస్తుంది. మరీ హుషారుగా అన్నావా, ఓ మొసలిని వదులుతుంది. కథ చెప్పేవాళ్ళు కథ వంక చూడరే పిచ్చిదానా. ఎదురుగా ఉన్న మొహం వంక చూస్తారు.”

ఆ మాటకి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అంటే నేను లేకుండా పువ్వాయి కదలదన్నమాట! ఇంక చూసుకోండి, నా ఊఁ ని ఇంకా భద్రంగా దాచుకున్నాను.

రోహిణీకార్తెలో సలోమి పిన్ని సెలవుకి వచ్చింది. సెంటు వాసనతో, పూల దుప్పట్లతో, ఒక టేప్‌రికార్డరుతో వచ్చింది. ఆ రోజుల్లో మా వీధికి కువైట్ నుంచి ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ వచ్చేవి. ఒకరికి టేపు వచ్చిందంటే వీధంతా అరుగు మీద చేరేది. పిలవక్కర్లేదు. టేపులో మనిషి అందరినీ పేరుపేరునా పలకరించేది, పేరు వినపడినవాళ్ళు “ఆయ్, బాగున్నామే” అని టేపుకి జవాబు చెప్పేవారు, పేరు వినపడనివాళ్ళు ఓ నెలపాటు అలిగేవారు.

అమ్మ టేపు వచ్చిన సాయంత్రం నన్ను అందరికంటే ముందు కూర్చోబెట్టారు. అమ్మ గొంతు కొంచెం జలుబు చేసినట్టుంది. అమ్మమ్మని మోకాళ్ళకి నూనె రాసుకోమంది. వాళ్ళ క్షేమం వీళ్ళ క్షేమం అడిగింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

“ఉమా, నీ కథ మధ్యలో ఆపేసి వచ్చేసేను కదే. మొదట్నుంచీ చెబుతాను, విను. అనగనగా ఒక పెద్ద తుఫాను...”

“ఊఁ.”

అందరూ నా వంక చూశారు. నేను నోరే తెరవలేదు.

“తుఫానుకి రాలిపడ్డ కాయలో ఒక పువ్వు...”

“ఊఁ.”

ఎవరో చిన్నపిల్లాడు. టేపులోంచి. అమ్మకి చాలా దగ్గరగా, ఒళ్ళోనే కూర్చున్నంత దగ్గరగా.

సలోమి పిన్ని పగలబడి నవ్వింది. “ఆడు ఫహదే! చిన్నమ్మలు చూసుకునే పిల్లోడు. తెలుగులో ఆ ఒక్క ముక్కే వచ్చు ఆడికి!”

అరుగంతా నవ్వింది. వాడికి భాష రాదు కాబట్టి మాట సగంలో ఉండగానే ఊఁ అనేస్తున్నాడు. అమ్మ విసుక్కోవడం లేదు. ఆగుతోంది. వాడి ఊఁ కోసం ఆగి మరీ చెబుతోంది. పంటకాలవ వచ్చింది, బాతులు వచ్చాయి. బాతులకి వాడి ఊఁ నీరసంగా ఉంది. అంతే, అమ్మ మాట మార్చేసింది. “అప్పుడు ఒడ్డు మీంచి ఒక ఒంటె పిల్ల వచ్చి, పువ్వాయి పక్కన చిప్పలో ఎక్కి కూర్చుంది.” “ఊఁ! ఊఁ!” అని వాడు చప్పట్లు కొట్టాడు.

నేను లేచి నిలబడ్డాను. “కొబ్బరిచిప్పలో ఒంటె ఎలా పడుతుంది?” అని అరిచాను. అరుగు మీద వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. “మా లంకలో ఒంటెలెక్కడివి? అది నా కథ!” అని, ఏడుపు బయటపడకముందే అక్కణ్ణుంచి పరిగెత్తాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో ఏమిటి, అమ్మమీదే. నేను ఇక్కడ నోరు కట్టుకుని, అమ్మమ్మతో మాటలు పడి, ఊఁ దాస్తుంటే అమ్మ అక్కడ ఎవరి ఊఁ దొరికితే వాళ్ళ ఒళ్ళో నా కథ పోసేస్తోంది. నేను లేకుండా కదలదన్న పువ్వాయి ఒంటెతో సహా కదిలిపోతోంది.

అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ ఏటిగట్టు దాకా వచ్చింది. నా పక్కనే చతికిలబడి ఆయాసం తీర్చుకుంది.

“ఈ వేసవిలో నువ్వు ఊఁ అనలేదని నేను ఎన్ని కథలు మింగేసేనో తెలుసా?”

నేను గట్టు మీద గడ్డి పీకుతున్నాను.

“ముసలిదాన్ని, నాకు మింగడం అలవాటే. మీ అమ్మ మింగలేదే. పొద్దుగూకులూ తెలీని భాషలో చీవాట్లు తింటూ, తెలుగు మాట అనకపోతే దాని నోరు ఎండిపోదూ? ఒక్కతీ గోడకి ఎదురుగా కూర్చుని నీకు కథ చెప్పబోయి ఉంటుంది. వచ్చుండదు. నీకు చెప్పడానికే ఆ పసివాడి ఊఁ అరువు తెచ్చుకుంది.”

“ఒంటె ఎందుకు మరి?”

“అరువు ఊరికే ఇస్తారేంటే? ఆడికీ ఏదో ఒకటి ముట్టాలి కదా!”

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కోపం ఇంకా ఉంది.

కొన్నాళ్ళు ఆగి, ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు సలోమి పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో ఆవకాయకి ముక్కలు తుడుస్తోంది. మిగతా టేపు వింటానంటే, పెట్టి వెళ్ళిపోయింది. నేను టేప్‌రికార్డరు ముందు మఠం వేసుకుని కూర్చున్నాను.

ఒంటె ఇంకా చిప్పలోనే ఉంది. వాడు ఊఁ అంటూనే ఉన్నాడు. తర్వాత్తర్వాత ఊఁ కీ ఊఁ కీ మధ్య ఎడం పెరిగింది. గొంతు మెత్తబడింది. అమ్మ ఒంటెని మెల్లగా ఒక రేవులో దింపేసి, వాళ్ళమ్మ దగ్గరికి పంపించేసింది. ఇంక ఊఁ వినపడలేదు. ఏదో మిషను గుయ్యిమనే చప్పుడు మటుకే వినపడుతోంది.

“నిద్రపోయేడే ఉమా,” అంది అమ్మ గుసగుసగా. “ఇంక మనిద్దరమే.”

నేను ఇంకా ముందుకి జరిగాను.

“చిప్ప అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి వచ్చింది. ఇటు గోదారి, అటు సముద్రం. పువ్వాయి చిప్పలో లేచి నిలబడింది.”

అమ్మ ఆగింది. నా ఊఁ కోసం ఆగింది. నేను పళ్ళు బిగబట్టాను. అననంటే అనను. టేపు తిరుగుతోంది. మిషను గుయ్యిమంటోంది.

“ఊఁ అనలేదు కదూ?” అంది అమ్మ.

నేను ఉలిక్కిపడి వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

“నాకు తెలుసే. ఈ పిల్లాడి గొంతు వినేసరికి మూతి ముడుచుకునుంటావు. నా మీద కోపమొచ్చుంటుంది. పోనీలే. నువ్వు ఊఁ అన్నాకే చెబుతాను. అందాకా పువ్వాయి అక్కడే నిలబడి ఉంటుంది.”

టక్కుమని చప్పుడు. ఆ తర్వాత టేపులో ఏమీ లేదు, ఉత్త సరసర.

“ఊఁ,” అన్నాను ఆ సరసరతో. మళ్ళీ అన్నాను. గట్టిగా అన్నాను. వంటింట్లోంచి సలోమి పిన్ని, “ఏంటే అమ్మలూ?” అని అడిగింది. టేపు మటుకు అడగలేదు.

తొలకరి పడి ఊడ్పులు మొదలయ్యాక సలోమి పిన్ని తిరుగు ప్రయాణం కట్టింది. వెళ్ళేముందు వీధిలో వాళ్ళందరూ ఎవరి టేపు వాళ్ళు నింపి ఇచ్చారు. అమ్మమ్మ మా టేపులో ఒకవైపంతా మాట్లాడింది. చూరు కారుతున్న సంగతి చెప్పి, కంగారుపడొద్దని చెప్పి, మళ్ళీ చూరు దగ్గరికే వచ్చింది. రెండోవైపు నాది.

నేను చాలా తయారుచేసుకున్నాను. ఒంటె గురించి గట్టిగా నిలదీయాలి. చీర వాసన పోయిన సంగతి చెప్పాలి. ఎప్పుడొస్తావని అడగాలి. సలోమి పిన్ని ఎర్ర మీట నొక్కి, చెప్పమన్నట్టు తలాడించింది. చక్రాలు తిరుగుతున్నాయి. తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. అమ్మమ్మ కళ్ళతో పొడుస్తోంది. నేను టేప్‌రికార్డరు దగ్గరికి వంగాను.

“ఊఁ,” అన్నాను.

చాలాసేపు చూసి సలోమి పిన్ని మీట ఆపింది. “అంతేనా?”

“అంతే.”

“టేపంతా ఖాళీగా ఉంటే మీ అమ్మ నన్ను తిడుతుందే!”

“ఖాళీ ఎక్కడుందే సలోమీ?” అంది అమ్మమ్మ. “అలాగే పట్టుకెళ్ళు.”

ఆ మధ్యాహ్నం వానకి వసారాలోకి జల్లు కొడుతోంది. అమ్మమ్మ ఆకు ఒడిలోకి లాక్కుని నా వంక చూడకుండానే, “రాక్షసుడు తలుపు తట్టేడు కదా,” అంది. దాచినది ఇచ్చేశాక ఇంకేముంది దాచుకోవడానికి? “ఊఁ,” అన్నాను. ఆవిడ చాకు ఒక్క క్షణం ఆగి, సర్రున కదిలింది. వాన వెలిసేదాకా చెబుతూనే ఉంది.

పువ్వాయి కథ మాత్రం రాలేదు. ఆ తర్వాత వచ్చిన టేపుల్లో అమ్మ క్షేమసమాచారాలే చెప్పేది. వచ్చే టేపులో ఉంటుందనుకునేదాన్ని. ఆ పై టేపు. అమ్మ మొదటిసారి సెలవుకి వచ్చేనాటికి నేను వోణీలు వేసుకుంటున్నాను. బొటనవేలంత పిల్ల ఏమైందని అడగడానికి సిగ్గేసింది. అడగలేదు గానీ, అమ్మ ఉన్నన్నాళ్ళూ చెబుతుందేమోనని చుట్టూ తిరిగాను.

అమ్మ పూర్తిగా వచ్చేసింది రెండువేల ఆరులో. అప్పటికి అమ్మమ్మ లేదు. నేను అమలాపురంలో బళ్ళో పాఠాలు చెబుతూ, వారపత్రికలకి కథలు రాస్తున్నాను. ఒక కథ ముగింపు కుదరక కాగితాలు నలిపేస్తుంటే, అమ్మ మంచం మీద పడుకుని చూస్తోంది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక అడిగేశాను.

“ఇంతకీ పువ్వాయి ఏమైందే?”

అమ్మ ఆశ్చర్యంగా చూసింది. “చెప్పేసేను కదే.”

“ఎవరికి?”

“నీకే.”

నేను కలం కిందపెట్టాను.

“సలోమి నీ టేపు తెచ్చి ఇచ్చింది కదా,” అంది అమ్మ. “మధ్యాహ్నం ఆ ఇంట్లో వాళ్ళంతా పడుకున్నాక ఇస్త్రీ గదిలో కూర్చుని పెట్టుకునేదాన్ని. ఓ మాట చెప్పి మీట నొక్కితే నువ్వు ఊఁ అనేదానివి. మళ్ళీ వెనక్కి తిప్పి ఇంకో మాట. ఒక్కటే ఊఁ గానీ, రోజుకో రకంగా వినపడేది. ఓనాడు కోపంగా, ఓనాడు బెంగగా. దాన్ని బట్టి చెప్పుకుంటూ పోయేదాన్ని.”

“ఎందాకా చెప్పేవు?”

“చాలా దూరం వెళ్ళిందే. సముద్రం కూడా దాటేసింది. నలిగి నలిగి ఆ టేపు తెగిపోయేదాకా చెప్పేను.”

“నాకెందుకు పంపలేదమ్మా?” అచ్చం ఆనాడు అరుగు మీద అరిచినట్టే అరిచాను.

అమ్మ నా మొహం చూసి నెమ్మదిగా లేచి కూర్చుంది. “నువ్వు ఊఁ అంటూనే ఉన్నావు కదే. వింటున్నావనే అనుకున్నాను.”

బయట ఎవరో దింపు తీస్తున్నారు. కొబ్బరికాయలు దభీ దభీమని పడుతున్నాయి.

“ఇప్పుడు చెప్పు,” అన్నాను.

“గుర్తులేదే తల్లీ. ఒక్క ముక్క కూడా గుర్తులేదు. నీ ఊఁ ఒక్కటే గుర్తుంది.” నా కాగితాల వంక చూస్తూ అంది. “రాస్తావు కదా నువ్వు. నువ్వే చెప్పు.”

చివర ఏమిటో నాకు తెలియదు. అయినా మొదలుపెట్టాను.

“ఇటు గోదారి, అటు సముద్రం. పువ్వాయి చిప్పలో నిలబడే ఉంది.”

ఆగాను.

“ఊఁ,” అంది అమ్మ.

తర్వాతి మాట కోసం నేను కాగితం వైపు చూడలేదు, అమ్మ మొహంలోకి చూశాను.